నాలుగు వందల పదకొండో పక్షి

"పడవ ఎన్ని గంటలకు కదిలింది?"

"రాత్రి పదకొండింటికండి. రాత్రి అనేది పేరుకే. ఎండ కాస్తూనే ఉంది. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు దిగడు."

"మీరు దీవిల దిగింది?"

"ఎనిమిదీ పదికి."

"మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. గంతసేపు మీరు ఏడున్నరు వెంకట్రావు గారూ?"

"ఎన్నిసార్లు చెప్పమంటారండీ? దిగగానే అందరితోపాటు పఫిన్ పక్షుల్ని చూశాను. అవి రేవు పక్కనే ఉంటాయి. తర్వాత మోకాలు పట్టేసింది. రేవులో చెక్కబల్ల మీద కూర్చున్నాను. పడవెక్కేదాకా కదల్లేదు."

అనసూయమ్మ ఏమీ రాసుకోలేదు. ముప్ఫై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి ఎస్సైగా రిటైరైన మనిషి ఆమె. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు కాగితం వైపు చూస్తే వాడి కళ్లు తప్పిపోతాయని ఆమెకు తెలుసు. వెంకట్రావు కళ్లు గోడ మీద ఉన్నాయి. గోడకు రెండు ఫొటోలు వేలాడుతున్నాయి. ఒకటి నిజాంసాగర్ కాలువ గట్టు మీద బనియన్లతో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లది. రెండోది అదే ఇద్దరిది, నలభై ఏళ్ల తర్వాత, మెడల్లో బైనాక్యులర్లతో. రెండో ఫొటోకు దండ వేసి ఉంది. దండ సగానికే వేశారు, చనిపోయిన రాజేంద్రప్రసాద్ ఉన్న వైపు.

బోధన్ దగ్గర, వలస వచ్చిన రైతులు స్థిరపడిన ఈ క్యాంపులో వెంకట్రావు పొలమూ, రాజేంద్రప్రసాద్ పొలమూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. వాళ్ల తండ్రులు కృష్ణా జిల్లా నుంచి ఒకే ఎడ్లబండిలో వచ్చారు. రాజేంద్రప్రసాద్ భార్య కల్యాణి, వెంకట్రావును అన్నయ్యగారూ అని పిలుస్తుంది. పాడె మోసిన నలుగురిలో మొదటివాడు వెంకట్రావే.

ఏటా చలికాలంలో శ్రీరాంసాగర్ వెనక నీళ్లకు వచ్చే పక్షులు ఎక్కడ పుడతాయో చూసిరావాలని నిజామాబాద్ పక్షుల క్లబ్బు వాళ్లకు ఎన్నాళ్ల కోరికో. జూన్ నెలాఖరులో ఆరుగురు బయలుదేరారు, నార్వే దేశపు ఉత్తరపు కొసకు. వెంట గైడు ఆత్మారాం. పదో రోజు ఒక దీవికి పడవలో వెళ్లారు. మనుషులు ఉండని దీవి అది, అంతా పక్షులే. తిరిగి పడవెక్కేటప్పుడు ఆత్మారాం ఆరుగురి పేర్లూ పిలిచాడు. ఆరు పేర్లకూ జవాబు వచ్చింది. అవతలి ఒడ్డున దిగి చూస్తే ఐదుగురే ఉన్నారు. వెనక్కి వెళదామంటే పొగమంచు కమ్మేసింది. పందొమ్మిది గంటల తర్వాత, దీవి ఉత్తరపు కొండ చరియ మీద, తుంటి ఎముక విరిగి చలికి బిగుసుకుపోయిన రాజేంద్రప్రసాద్ దొరికాడు.

రాజేంద్రప్రసాద్ పేరు పిలిచినప్పుడు "ఆఁ" అన్నది ఎవరు?

ఇది తేలకపోతే తప్పంతా గైడుదే. ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు కల్యాణి ఫిర్యాదు మీద సంతకం పెడుతుంది. సాయంత్రానికల్లా ఆత్మారాంను తీసుకెళ్తారు. ఇప్పుడు పదీ ఇరవై.

ఆత్మారాం అనసూయమ్మ చెల్లెలి కొడుకు. వాడికి నాలుగేళ్లప్పుడు ఆ చెల్లెలు నిజామాబాద్ బస్టాండులో వాడి చెయ్యి అక్క చేతిలో పెట్టి, "వారంల వస్త అక్కా" అని భివండి బస్సెక్కింది. ముప్ఫై ఒక్క ఏళ్లయింది. పెళ్లి ఊసెత్తకుండా వాణ్ని పెంచింది అనసూయమ్మే. వాడి మొదటి బైనాక్యులర్ కొన్నది ఆమె జీతంతోనే.

అది మెళ్లో వేసుకుని వాడు ఇప్పుడు బయట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటే లెక్కపెడుతున్నాడు. పొద్దున బండి మీద తీసుకొస్తూ దారి పొడుగునా ఒకటే మాట. "ఎవ్వర్ని అనుమానించకు పెద్దమ్మా. తప్పు నాదే. తలకాయలు లెక్కపెట్టకుండ గొంతులు లెక్కపెట్టిన. ఒప్పుకుంట. గిక ఇడిసిపెట్టు."

వాడిది అంత మంచి మనసు. అందుకే ఆమె విడిచిపెట్టలేదు.

"మీ పక్షుల గది చూడొచ్చా?" అంది లేస్తూ.

వెంకట్రావు తటపటాయించాడు. "డిటెక్టివ్ చక్రవర్తిగారు వచ్చి చూసి వెళ్లారండీ మొన్న."

"ఆయన చూసింది ఆయనకు. నేను చూసింది నాకు."

*

గది చిన్నది. ఒక బీరువా, ఒక బల్ల, కిటికీ. బల్ల మీద పుస్తకాలు, ఒక టెలిస్కోపు, చెక్క మీద చెక్కించిన కొంగ. అన్నీ సర్ది ఉన్నాయి. సర్దినచోటే ఏదో ఒకటి అలవాటుకు భిన్నంగా ఉంటుంది. అనసూయమ్మ దానికోసం చూసింది.

తలుపు దగ్గరికి వెంకట్రావు భార్య సీతమ్మ టీ తెచ్చింది. చక్కెర వేయలేదు.

"నాకు షుగరండీ. ఆ అలవాటులో అందరికీ ఇలాగే ఇచ్చేస్తాను. ఉండండి, చక్కెర తెస్తాను."

"వద్దమ్మా. చక్కెర ఫ్యాక్టరీ బోధన్‌ల కూసొని చప్ప చాయ్ తాగిన అని చెప్పుకుంట." అనసూయమ్మ గ్లాసు అందుకుంది. "ఆయన లేని పదిహేను రోజులు మందులు ఎవరు గుర్తు చేసిండ్రు?"

"ఆయనే. రాత్రి ఎనిమిదికి ఇన్సులిన్ అండీ నాకు. సరిగ్గా ఎనిమిదికి అక్కడినుంచి ఫోను మోగేది. అక్కడ ఎంతయిందో ఏమో! వాచీ మన టైముకే ఉంచుకున్నారట. మార్చుకుంటే నా సూది మర్చిపోతానని." ఆమె నవ్వబోయి ఆపేసింది. "రాజాగారు పోయిన మర్నాడు మాత్రం ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. ఊపిరి వినపడిందంతే."

"సీతా, నువ్వు లోపలికెళ్లు," అన్నాడు వెంకట్రావు.

ఆ మాట కాస్త గట్టిగా వచ్చింది. అనసూయమ్మ టీ తాగుతూ బీరువా వైపు తిరిగింది. నల్ల అట్టల నోటుబుక్కులు వరుసగా, అంచులన్నీ సమంగా ఉన్నాయి. చివరిది మాత్రం వరుస కంటే అంగుళం లోపలికి నెట్టి ఉంది. దాన్నే తీసింది.

వెంకట్రావు ఒక అడుగు ముందుకు వేశాడు. "అది ఉత్త పక్షుల లెక్కండీ."

"నాకు తెల్సు. మావాడు నా పానం తిని నేర్పిండు."

నిజంగానే నేర్పాడు. ఈ క్లబ్బు వాళ్లకు ప్రతివాడికీ ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. జీవితంలో మొదటిసారి చూసిన ప్రతి పక్షికీ ఒక నంబరు, పేరు, టైము, అది ఎక్కడ ఏం చేస్తూ కనిపించిందీ, చివరి గడిలో సాక్షి సంతకం. అక్కడికక్కడే రాయాలి, అక్కడికక్కడే సంతకం పెట్టించాలి. సాయంత్రం భోజనాల దగ్గర గైడు ఆ రోజు పక్షుల పేర్లు పైకి చదువుతాడు. చూసినవాళ్లు చెయ్యెత్తాలి. చూడని పక్షికి చెయ్యెత్తినవాణ్ని మళ్లీ ఎవరూ నమ్మరు. చూసిన పక్షిని రాయకుండా ఉండటమైతే ఎవరి వల్లా కాదు.

సంతకం విషయంలో ఆత్మారాంది మరీ పట్టు. పోయిన ఏడు నవీపేట దగ్గర గోదావరి ఒడ్డున ఒక పెద్దమనిషి, "నేను చూశానయ్యా, సంతకం పడెయ్" అంటే, "నేను సూడలే సార్. నేను సూడని పిట్టకు నా సంతకం పడది" అని ముఖం మీదే చెప్పాడు. ఆ పెద్దమనిషి క్లబ్బు మానేశాడు. ఆ సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు అనసూయమ్మకు గొంతు కొంచెం పెరుగుతుంది.

ఆమె చివరి పేజీ తెరిచింది. పుస్తకం లాక్కుంటాడేమోనని అంచును బొటనవేలితో నొక్కిపట్టి కిటికీ వెలుగులోకి జరిగింది.

409. పఫిన్. 11.40. బొరియ ముందు, నా బూటుకు రెండడుగుల దూరంలో.

410. ఆర్కిటిక్ టెర్న్. 11.55. నెత్తి మీద పొడిచింది.

411. తెల్ల జిర్‌ఫాల్కన్. 1.50. రాతి అంచున. ఎడమ కాలి కింద చంపిన పక్షి. ఎండ సూటిగా ముఖం మీద.

ఆ తర్వాత ఏమీ లేదు. నాలుగు వందల పదకొండు దగ్గర ఆయన ఆగిపోయాడు.

"జిర్‌ఫాల్కన్ అంటే డేగనా?"

"డేగల్లో పెద్దదండీ. చాలా అరుదు."

"ఏడ చూసిండ్రు?"

"రేవు... అవతలి ఒడ్డు రేవులో. దిగిన తర్వాత."

గుమ్మం దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు, మూడుసార్లు, తీరిగ్గా.

*

చక్రవర్తి హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రైవేట్ డిటెక్టివ్. కల్యాణి పెట్టుకున్న మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో ఖాకీ కవరు.

"బాగుంది మేడం. గైడుగారి పెద్దమ్మగారే విచారణాధికారి. గైడుగారేమో బయట పిచుకల్ని లెక్కపెడుతున్నారు. మనుషుల్ని కూడా అంత శ్రద్ధగా లెక్కపెట్టి ఉంటే మనమెవరమూ ఇక్కడ ఉండేవాళ్లం కాదు."

"అవి పిచుకలు కావు. గిజిగాండ్లు. నువ్వు ఏది చూసినా గిట్లనే చూస్తవా?"

"రిటైరయ్యారు కదా. హాయిగా మనవల్ని ఆడించుకోకూడదూ?"

"మనవలు లేరు బిడ్డా. అప్పుడప్పుడు నీ అసొంటోళ్లు దొరుకుతరు."

చక్రవర్తి ముఖం బిగుసుకుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ పుస్తకం నేనూ చూశాను. శ్రమ పడకండి. పదకొండున్నర తర్వాత ఒకటి రెండు పక్షులు, రాత్రి ఒకటీ యాభైకి ఒక డేగ. అప్పటికి అందరూ అవతలి ఒడ్డున ఉన్నారు. ఇందులో కేసుకు పనికొచ్చేది ఏమీ లేదు."

"అవతలి ఒడ్డున మంచు ఎప్పుడు దిగింది?"

"పన్నెండుకు. పది అడుగుల దూరం కనపడలేదని అక్కడి పోలీసు రిపోర్టులో ఉంది. అందుకే కదా పడవ వెనక్కి వెళ్లలేకపోయింది."

"మంచిది. పది అడుగులు కనబడని మంచుల, ఒకటీ యాభైకి, ఎండ సూటిగ డేగ మొఖం మీద ఎట్ల పడ్డది?"

చక్రవర్తి పుస్తకం కోసం చెయ్యి చాపాడు.

"అది ఇడిసిపెట్టు. పఫిన్ చూడు. పదకొండు నలభై. బొరియ ముందట, బూటుకు రెండడుగుల దూరంల. పదకొండుకే పడవ కదిలింది గదా. పదకొండు నలభైకి సముద్రం నడిమిట్ల ఉన్న మనిషి బూటు కాడికి బొరియ ఎట్లొచ్చింది?"

"పొరపాటున..."

"పొరపాటు కాదు. గీ ఇంట్ల సీతమ్మగారికి రాత్రి ఎనిమిదికి సూది. ఈయన వాచీ మన టైముకే ఉన్నది. నార్వేకు మనకు ఎంత తేడా?"

చక్రవర్తి వేళ్ల మీద లెక్క వేయలేదు. ఫోను తీశాడు. "మూడున్నర గంటలు."

"పదకొండు నలభైల నుంచి మూడున్నర తియ్యి."

"ఎనిమిదీ పది." అతని గొంతు తగ్గింది. "దీవిలో దిగిన టైము."

"ఇప్పుడు డేగది తియ్యి."

వెంకట్రావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"పదీ ఇరవై," అన్నాడు చక్రవర్తి. "రాత్రి పదీ ఇరవై. పడవ కదలడానికి నలభై నిమిషాల ముందు."

అతను కవరు చించినంత పని చేసి, అందులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. రాజేంద్రప్రసాద్ కెమెరా అక్కడి పోలీసుల దగ్గరి నుంచి మొన్ననే వచ్చింది. నల్లటి రాతి అంచు మీద తెల్లటి డేగ. ఎడమ కాలి కింద ఈకలు చెదిరిన చిన్న పక్షి. మూలన టైము: 22.20.

"దీవిలో ఈ డేగను ఇంకెవరూ చూడలేదన్నారు. ఇది ఉత్తరపు కొండ అవతలి వైపు. రేవులోంచి కనపడదు. రాజేంద్రప్రసాద్ ఒక్కడే చూశాడనుకున్నాను." చక్రవర్తి వెంకట్రావు వైపు తిరిగాడు. "మీరు రేవులోంచి కదల్లేదన్నారు కదండీ?"

వెంకట్రావు మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"మూడు వాకీటాకీలుండేవి," అన్నాడు. "ఒకటి రాజా దగ్గర, ఒకటి నా దగ్గర. పదింటికి పిలిచాడు. 'వెంకట్, తెల్ల డేగ. నీ మోకాలు పాడుగాను, పరుగెత్తుకు రా' అన్నాడు. వెళ్లాను. ఇద్దరం పక్కపక్కన బోర్లా పడుకుని చూశాం. చిన్నప్పుడు కాలువ గట్టు మీద పడుకున్నట్టే. ఇంకా దగ్గర్నుంచి తీస్తానని రాజా తాడు దాటాడు."

"ఏ తాడు?"

"చరియ అంచుకు అక్కడి వాళ్లు కట్టిన తాడు. దాన్ని ఎవరూ దాటకూడదు. దాటితే గైడు పర్మిట్ రద్దు చేస్తారు, మళ్లీ జన్మలో ఇవ్వరు." అతను పెదవులు తడుపుకున్నాడు. "కాలు జారింది. ముప్ఫై అడుగుల కింద చరియ మీద పడ్డాడు. పిలిచాను. పలకలేదు, కదల్లేదు. పోయాడనుకున్నాను."

"కిందికి దిగి చూసిండ్రా?"

"లేదు."

"పడవ కాడ ఆయన పేరుకు పలికింది మీరేనా?"

"నేనే." తల వంచుకున్నాడు. "అందరం ఒకే రంగు కోట్లలో ఉన్నాం. తల మీద టోపీ లాక్కుని 'ఆఁ' అన్నాను. ట్రిప్పంతా వాడు కెమెరాలో తల పెట్టుకుని ఉంటే వాడి బదులు నేనే పలికేవాణ్ని. మిగతా నలుగురికీ అలవాటైపోయింది."

గుమ్మం దగ్గర గ్లాసు పగిలిన చప్పుడు. సీతమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"కల్యాణి మిమ్మల్ని అన్నయ్యా అని పిలుస్తుందండీ," అంది ఆమె. "పదకొండో రోజున మీ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ చెయ్యి ఎలా ఇచ్చారు?"

ఆమె గాజు ముక్కలు ఏరకుండానే లోపలికి వెళ్లిపోయింది. లోపల ఒక తలుపు గడియ పడింది.

అనసూయమ్మకు ఒళ్లంతా తేలికైంది. నెల రోజులుగా ఛాతీలో కూర్చున్న బరువు దిగింది. పలికినవాడు దొరికాడు. ఆత్మారాం మోసపోయాడు తప్ప మోసం చేయలేదు. రెండు గంటలకు కల్యాణి సంతకం పెట్టే కాగితం మీద పేరు మారుతుంది.

"ఎందుకు పలికిండ్రు? పడిపోయిండని చెప్తే ఏమైతుండె? మీరు తొయ్యలే గదా."

"భయం."

"దేనికి? పర్మిట్ పొయ్యేది గైడుది. మీకేం భయం?"

వెంకట్రావు తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు. వచ్చినప్పటి నుంచి అతను సూటిగా చూడటం అదే మొదటిసారి. తర్వాత అతని చూపు కిటికీలోంచి గేటు వైపు వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చింది.

"నన్ను అడక్కండి అనసూయమ్మగారూ," అన్నాడు. "ఒప్పుకున్నాను కదా. నన్ను తీసుకెళ్లండి. చాలు."

చక్రవర్తి ఇంకో ఫొటో బల్ల మీదికి జరిపాడు. ఇప్పుడు అతనిలో వెటకారం లేదు.

"పోయాడనుకున్నారు కదా. ఇది చూడండి. కెమెరాలో చివరి ఫొటో. ఇరవై మూడు పన్నెండు."

చరియ మీద నుంచి కిందికి తీసిన ఫొటో. వంకరగా ఉంది. కింద నీలిరంగు సముద్రం, వెళ్లిపోతున్న పడవ. తిరుగు పడవ ఉత్తరపు కొండ చుట్టూ తిరిగే వెళుతుంది. రాజేంద్రప్రసాద్ బతికే ఉన్నాడు. స్పృహ వచ్చింది. వేల పక్షుల అరుపుల్లో, ఇంజిన్ మోతలో తన కేక వినపడదని తెలిసి, వాకీటాకీ జారి సముద్రంలో పోగా, చేతిలో మిగిలిన ఒకే ఒక్క దానితో తన వాళ్లు వెళ్లిపోవడాన్ని పట్టుకున్నాడు.

వెంకట్రావు నోట్లోంచి వచ్చినది ఏడుపు కాదు. మాట కూడా కాదు.

అనసూయమ్మ ఫొటో దగ్గరికి వంగింది. పడవలో, నడిపేవాడి గదికి బయట, ఐదు నారింజ రంగు కోట్లు, ఒక పసుపు కోటు. నాలుగు తలలు ముందుకు, ఒడ్డు వైపు. రెండు తలలు మాత్రం వెనక్కి తిరిగి, ముఖాలెత్తి కొండను చూస్తున్నాయి. ఒకటి నారింజ కోటుది. ఇంకొకటి పసుపు కోటుది.

"పసుపు రంగు గైడుది," అన్నాడు చక్రవర్తి. "అందరికీ కనపడాలని. మీవాడు తలలు లెక్కపెట్టాల్సిన టైములో కొండ మీద పక్షుల్ని చూస్తున్నాడని నేను ఈ రెండు రోజులూ తిట్టుకున్నాను. సరే, ఏం చేస్తాం. మీరే గెలిచారు. కల్యాణిగారికి నేను ఫోన్ చేస్తాను."

అనసూయమ్మ ఫొటో మీంచి కళ్లు తీయలేదు.

మూడు వాకీటాకీలు. ఒకటి రాజేంద్రప్రసాద్ దగ్గర. ఒకటి వెంకట్రావు దగ్గర. మూడోది ఎవరి దగ్గర అని ఆమె అడగలేదు. అడగాల్సిన ప్రశ్న నోటిదాకా వచ్చి ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. మిగిలిన నలుగురూ పఫిన్ల మీదికి వంగి, కెమెరాల్లో కళ్లు పెట్టుకుని ఉన్నారు. గైడు వెనక ఉన్నాడో లేడో చూసినవాళ్లెవరు?

ఆమె ఇంకా పుస్తకం అంచును నొక్కిపట్టే ఉంది. బొటనవేలు తీసింది.

వేలి కింద సాక్షి గడి. నాలుగు వందల పదకొండుకు ఎదురుగా ఆకుపచ్చ సిరాతో చిన్న సంతకం. మొదటి అక్షరానికి పిట్ట తోకలా ఒక గీత, పైకి ఎగిరి ఉంది. పలక మీద అ ఆలు దిద్దించినప్పుడు ఆ తోక ఎందుకురా అని ఆమె రెండు దెబ్బలు వేసింది. వాడు మానలేదు. ఆకుపచ్చ పెన్ను పోయినేడు ఆమె కొనిచ్చిందే.

ఎవ్వర్ని అనుమానించకు పెద్దమ్మా. గిక ఇడిసిపెట్టు.

చక్రవర్తి ఫోనులో నంబరు వెతుకుతున్నాడు. వెంకట్రావు కళ్లు మూసుకుని ఉన్నాడు. అతను చెప్పడు. సాయంత్రానికల్లా తానే వెళ్లి లోపల కూర్చుంటాడు. ఈ ఒక్క పేజీ చింపి చీరకొంగులో కట్టుకుంటే చాలు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఎంతమంది తల్లులు తన ముందు అలాంటి పనులు చేసి దొరికిపోయారో ఆమెకు గుర్తుంది. వాళ్లను కసిరింది కూడా.

పందొమ్మిది గంటలు. ఆ మనిషి చరియ మీద, ఆ చలిలోనే, పందొమ్మిది గంటలు పడవ వస్తుందని చూశాడు.

ఎదురు చూడటం ఎట్లా ఉంటుందో అనసూయమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఫోన్ జర ఆపు బిడ్డా," అంది చక్రవర్తితో. తర్వాత కిటికీలోంచి, "ఆత్మా! లోపటికి రా."

వాడు గుమ్మం బయట చెప్పులు విడిచి, గాజు ముక్కలు తప్పించుకుంటూ వచ్చాడు. మెళ్లో బైనాక్యులర్. "అయిపోయిందా పెద్దమ్మా? పోదామా? ఏమైంది, సీతమ్మగారు ఏడుస్తున్నరు?"

"ఏం లేదు. ఈ సార్‌కు ఒక అనుమానం. గైడులు సంతకాలు ఉట్టిగనే పెడ్తరా అని."

ఆత్మారాం చక్రవర్తి వైపు తిరిగాడు. వాడి మెడ నిటారుగా అయింది. "ఎవ్వలన్న పెడ్తరేమో సార్. నేను పెట్ట. నా రెండు కండ్లతోని సూడని పిట్టకు ఈనాటి దాంక ఒక్క సంతకం పెట్టలే. క్లబ్బుల ఎవర్నన్న అడుగుండ్రి."

"వినబడ్డదా సార్?"

చక్రవర్తి ఆమె వైపు, వాడి వైపు చూశాడు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

అనసూయమ్మ పుస్తకాన్ని ఆత్మారాం చేతిలో పెట్టింది. "గా దినం సాయంత్రం జాబితా చదవలే గదా నువ్వు. ఇప్పుడు చదువు."

"ఇప్పుడెందుకు పెద్దమ్మా?"

"చదువు."

వాడు పేజీ చూశాడు. బల్ల మీది ఫొటోలు చూశాడు. వెంకట్రావును చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాలుగు వందల తొమ్మిది. పఫిన్. నాలుగు వందల పది. ఆర్కిటిక్ టెర్న్." ఆగాడు. బయట గిజిగాళ్లు గోల చేస్తున్నాయి. "పెద్దమ్మా..."

"పైకి చదువు బిడ్డా."

"నాలుగు వందల పదకొండు." గొంతు నాలుగేళ్ల పిల్లవాడి గొంతులా అయిపోయింది. "తెల్ల జిర్‌ఫాల్కన్."

"చూసినోళ్లు చెయ్యెత్తుండ్రి," అంది అనసూయమ్మ.

కుర్చీలో వెంకట్రావు కళ్లు తెరవకుండానే చెయ్యెత్తాడు. ఆమె అటు చూడలేదు. బస్టాండులో చెల్లెలు తన చేతిలో పెట్టి వెళ్లిన ఆ కుడి చేతినే చూస్తూ నిలబడింది.

ఆ చెయ్యి నెమ్మదిగా లేచింది.